లైటు వెలగక ముందు అర నిమిషం

విచారణాధికారి కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు.

“ఇందులో మీ అబ్బాయి ఉన్నాడో లేడో చెప్పాలమ్మా. స్టేషన్ రిజిస్టరు చూస్తే ఆ మధ్యాహ్నం ఆ గస్తీ బండి దగ్గర అతను లేనే లేడు. వీడియోలో ముఖాలు తెలియడం లేదు. మీరు గుర్తుపడితేనే కేసు నిలబడుతుంది.”

ఆమె తలూపింది. పద్దెనిమిది రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు. వానలో కాలు జారి పడ్డాడనీ, తల రాయికి తగిలి ప్రాణం పోయిందనీ పోలీసులంతా ఒకటే పాట పాడుతున్నారు.

పాపం, వాళ్ళ తెలివి ఒక్కచోట బెడిసికొట్టింది. గస్తీ బండ్లకు కెమెరాలు బిగించి అప్పటికి నాలుగు రోజులే. బండి మీద ఎర్రలైటు వేస్తేనే కెమెరా పనిచేస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే పని కానిచ్చాక తీరిగ్గా లైటు వేశారు. లైటు వేయడానికి ముందు అర నిమిషాన్ని కూడా కెమెరా దాచుకుంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

తోడు వచ్చిన తమ్ముడు వరండా బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆమెకు మరీ మరీ నూరిపోశాడు.

“లేడని చెప్పెయ్ అక్కా. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. ఉన్నవాళ్ళన్నా బతకాలి కదా.”

అదే బెంచీకి ఆ చివర ఇంకో తల్లి కూర్చుని ఉంది. ఆమె కొడుకు కోసమూ ఈ వీడియోలోనే వెతుకుతున్నారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వీడియో మొదలైంది. ఆ అర నిమిషానికి శబ్దం లేదు. అద్దం మీద వాన నీళ్ళు, వాటిని తుడుస్తూ వైపరు. నలుగురు బండి ముందుకు వచ్చి ఆగారు. నలుగురూ రెయిన్‌కోటు టోపీలు కళ్ళ మీదికి లాక్కుని, ఒకే తాను ముక్కల్లా ఉన్నారు. ఒకడు చేతులు జోడించాడు. ఒకడు లాఠీ ఎత్తాడు. చేతులు జోడించినవాడు నేలకూలాడు. లాఠీ మాత్రం ఆగలేదు.

ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి, మొదటినుంచీ ఇంకోసారి వేయమంది.

ఈసారి నడకలు మాత్రమే చూసింది. వాళ్ళలో ఒకడికి కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచెయ్యి ఊగడం లేదు. చిన్నప్పుడు ఆ చేత్తో అమ్మను పట్టుకుని నడిచిన అలవాటు. పెద్దయినా పోలేదు. కన్నతల్లికి ముఖంతో పనేముంది?

ఆ పొద్దున రెయిన్‌కోటు గుండీలు పెట్టి పంపింది తనే. సాయంత్రానికల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు. చీమకైనా అపకారం చేయడని ఆమె పదిమందికీ చెప్పుకున్న కొడుకు.

లేడని ఒక్క మాట అంటే చాలు, ఈ కాగితాలన్నీ బీరువాలోకి పోతాయి. తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడు. తను మాత్రం ఆ బెంచీ ముందునుంచే నడిచి వెళ్ళాలి.

“ఉన్నాడా అమ్మా?”

“ఉన్నాడు.”

అధికారి వీడియోను ఆపి, ఎవరో చూపించమన్నాడు.

ఆమె వేలు నేల మీద పడి ఉన్నవాణ్ణి దాటి వెళ్ళి, లాఠీ ఎత్తినవాడి మీద ఆగింది.