ఏడాది గ్యారంటీ

"గిది గూడ పోయిందా చెల్లె?"

ఆత్మారాం ఎల్ఈడీ బల్బును అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మిన నాడు దాని మెడ మీద తాను పెన్నుతో వేసిన తేదీ ఇంకా చెరగనైనా లేదు. కౌంటర్ మీది హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేశాడు. వెలగలేదు.

"పోయిందన్న. మా అత్త ఒక్కటే తిట్టుడు," అంది సుష్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. ఎడపల్లి నుంచి బోధన్ దాకా కిక్కిరిసిన ఆటోలో, జల్లుకు తడుస్తూ వచ్చింది.

వానాకాలం మొదలైనప్పటి నుంచి ఈ పిల్ల వచ్చిన ప్రతిసారీ ఆత్మారాంకు తల కొట్టేసినట్టు ఉంటోంది. రోడ్డు మీద కుప్ప పోసి అమ్మే చవక సరుకును ఆయన షాపు గడప తొక్కనివ్వడు. వేడెక్కదు, పేలదు, కళ్లు గుంజవు అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పి, ఏడాది గ్యారంటీతో అమ్ముతాడు. ఊరందరి ఇళ్లలో వెలిగే బల్బు ఈ ఒక్క ఇంటి వంటగదిలోనే ఎందుకు ఆరిపోతోందో ఆయనకు అంతు పట్టడం లేదు.

షాపుకు కొన్ని పద్ధతులున్నాయి. ఒకరి బల్బు ఇంకొకరు తెచ్చి మార్చుకుపోతే మోసపోయాడు గనక, కొన్న మనిషే రావాలి. పగిలిన బల్బు మార్చడు. ఇచ్చే ముందు కొత్త బల్బు కౌంటర్ మీద పావుగంట వెలగాలి. ఈ ఆఖరి దానికి అందరూ విసుక్కుంటారు. సుష్మ మాత్రం ఏనాడూ విసుక్కోలేదు.

"అన్న, జర ఫోన్ ఇస్తవా? గది ఎలిగేదాక మా అవ్వతోని మాట్లాడుత."

ఆత్మారాం ఫోన్ ఇచ్చాడు. ఆమె సంగతి ఆయనకు కొంత తెలుసు. భర్త భూమేష్ మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్త పెంటవ్వ బొడ్లోనే ఉంటుంది. పోయిన బోనాలకు తనకు మర్యాద చేయలేదని ఆమె వియ్యాలవారితో మాటలు మానేసింది. కోడలి తల్లి నర్సవ్వ రుద్రూర్‌లో పక్షవాతంతో మంచం పట్టినా పంపలేదు. పెళ్లికి పంపదు, పేరంటానికి పంపదు. ఊరికే వచ్చే బల్బును మాత్రం వదులుకోలేదు, పాపం.

"అవ్వా, నేనే. తిన్నవా? చెయ్యి లేస్తున్నదా? ఏడ్వకు అవ్వా... మల్ల చేస్త. జల్దిన్నే చేస్త."

ఆమె మాట్లాడుతుండగా ఆత్మారాం పాడైన బల్బు తెల్ల మూత ఊడదీశాడు. లోపల రెండు నీటి చుక్కలు మెరిశాయి. అమ్మయ్య, దొంగ దొరికాడు! తన సరుకు తప్పు కాదన్నమాట.

"చెల్లె, దీంట్ల నీళ్లు వోయినయ్. మీ ఇల్లు కురుస్తున్నదా?"

సుష్మ ఫోన్ పెట్టేసి తల దించుకుంది.

"ఆఁ... వంటింట్ల జర కురుస్తదన్న."

"ముందుగాల చెప్పద్దా? షాక్ కొడ్తె పానం మీదికొస్తది!"

ఆయన లోపలికి వెళ్లి వేరే డబ్బా తెచ్చాడు. మెడ చుట్టూ రబ్బరు బిగించిన లావుపాటి బల్బు. దాన్ని హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేశాడు.

"చెరుకు తోటలల్ల మోటర్ల కాడ పెట్టుకునేది. వానకు తడిసినా ఏం గాదు. చుక్క నీళ్లు లోపలికి వోవు."

సుష్మ మొహం పాలిపోయింది. "నాకద్దన్న. ఎప్పటిదే ఇయ్యి."

"పైసలేం అడుగుత లేను."

"గందుకు గాదు. గదే ఇయ్యన్న, నీ కాల్మొక్త."

ఎంత అభిమానం గల పిల్ల అనుకున్నాడు ఆత్మారాం. పేదరికం ఉన్నా ఊరికే తీసుకోవడానికి మనసొప్పడం లేదు.

"అన్న అంటవు, అన్న మాట ఇనవా? ఇంటి చాకిరీ సాలదని మళ్ల గీ తిప్పలేంది? ఇగ నువ్వు నా షాపు మొఖం చూసుడే ఉండదు, పో!"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కౌంటర్ మీద వెలుగుతున్న ఆ బల్బునే చూస్తూ నిలబడింది. పావుగంట అయ్యాక ఆయన దాన్ని డబ్బాలో పెట్టి చేతికిచ్చాడు.

"ఇంకోపారి ఫోన్ ఇస్తవా అన్న?"

ఇచ్చాడు.

"అవ్వా... ఏం లేదు. నీ గొంతు ఇందామని."

మర్నాడు పొద్దు గూకాక పెంటవ్వ పొలం నుంచి వచ్చింది. "వంటింట్ల చీకటేందే? లైటెయ్యి," అంది.

సుష్మ స్విచ్ మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంది. వేసింది. మస్కట్ డబ్బులతో పోయినేడు పోయించిన స్లాబు, ఇంతవరకు ఒక్క చుక్క కురవని స్లాబు, తెల్లగా మెరిసింది.

"మంచిదే ఇచ్చిండు సేటు. ఇగ బోధన్ వోయే పని తప్పింది," అంది పెంటవ్వ సంబరంగా.

సుష్మ గోడకు ఆనుకుని కూలబడింది.

పొద్దంతా నీళ్ల బిందెలో నానబెట్టినా ఆ బల్బు వెలిగింది.