మెత్తటి చప్పుడు

పక్క ఫ్లాటు మామ్మగారు రాత్రిళ్ళు గోడ కొడుతున్నారని అపార్టుమెంటు సెక్రటరీగారికి ఒళ్ళు మండింది. వెళ్ళి ఎందుకని అడగలేదు. ఆవిడ ఫ్లాటు నంబరు వేసి మరీ, లిఫ్టు పక్క బోర్డు మీద నోటీసు అంటించారు: "రాత్రిపూట చప్పుడు చేసి ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టరాదు."

చప్పుడు ఆగింది. "చూశావా, నోటీసంటే అలా ఉండాలి!" అని భార్య ముందు మీసం దువ్వారు.

వారం తిరక్కుండానే మామ్మగారి తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. ఆవిడ గోడవారనే పడి ఉన్నారు, ప్రాణం లేదు. పిడికిలికి తువ్వాలు చుట్టి ఉంది. అదెందుకో అర్థమైన సెక్రటరీగారు ఎవరి మొహమూ చూడలేకపోయారు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక దొంగలా కిందికి వెళ్ళి నోటీసు చింపారు. కాగితమంతా ఊడొచ్చింది గానీ, ఆవిడ నంబరున్న ముక్క మాత్రం బోర్డుకే అతుక్కుపోయింది. గోళ్ళు నొప్పెట్టేదాకా గీకి, తలవంచుకుని పైకొచ్చారు.

పక్క ఫ్లాటు తలుపుకు కొత్త గొళ్ళెం బిగించి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. దీపం ఆర్పగానే గోడ అవతల చప్పుడు మొదలైంది. మెత్తగా, గుడ్డ చుట్టిన చేత్తో కొట్టినట్టు, ఎవరి నిద్రా చెడకుండా.

ఆయన ముసుగు తన్నారు. చీకట్లో భార్య గొంతు వినిపించింది.

"ఈసారైనా వెళ్ళి అడగండి."