లేని బ్రేకు

కూతురితో పెద్దాయనకు పెద్ద చిక్కే వచ్చిపడింది. జీవితమంతా బస్సు నడిపి ఆయన నేర్చుకున్నదంతా, అదే డిపోలో డ్రైవరుగా చేరిన ఆ పిల్ల మూడేళ్లకే నేర్చేసుకుంది. కారులో పక్కన కూర్చున్నా సలహా చెప్పే సందివ్వదు. పాపం, మలుపు వచ్చినప్పుడల్లా ఆయన లేని బ్రేకును కాలితో తొక్కుతూ కూర్చుంటాడు.

ఆవేళ కారు డిపో వైపు దూసుకుపోతోంది.

“ఘాట్ రోడ్డు బస్సు నాకివ్వనన్నాడు మేనేజరు. ఆడదాన్ననేగా! ఇవాళ అందరి ముందూ కడిగేస్తా.”

“పోనీలేమ్మా. ఊళ్లో రూటైతే హాయి కదా.”

“హాయా? ఆడవాళ్లకీ స్టీరింగు ఇవ్వాలని అమ్మావాళ్లు ఆ డిపో గేటు ముందు ఎండలో ధర్నాకి కూర్చున్నది హాయి కోసమా నాన్నా?”

ఆనాడు భార్యకు మంచినీళ్లు మోసుకెళ్లింది తనే. ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

గేటు కనిపించింది. పెద్దాయన కాలు గట్టిగా నేలను తొక్కింది.

“ఆపమ్మా.”

“ఇక్కడ మలుపేం లేదుగా!”

“మేనేజరు నీకే ఇస్తానన్నాడు. వద్దని బతిమాలింది నేను. ఆ కొండ మీద నువ్వంటే... భయమేసింది.”

కారు ఆగింది. ఆమె ఇంజను ఆపేసి ఆయనకేసి చూసింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

తలుపు తీసుకుని తనే ముందు దిగాడు.

“తప్పు నాదేనమ్మా. పద, ఆ మాట అందరి ముందూ నేనే చెప్తా.”