గంట మోగితే అవుట్

పున్నారావు ఆడిస్తున్న కరెంటు ఆట దగ్గరికి ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు.

అది ఎనభై ఆరో సంవత్సరం, శివరాత్రి ముందటి రోజులు. కోటప్పకొండ తిరునాళ్లకు నకరికల్లులో బండి మీద లాగే వెదురుబొంగుల ప్రభ కడుతున్నారు. ఈసారి పంతానికి పోయి ఎత్తు పెంచారు. పెంచితే దారిలో కరెంటు తీగలు అడ్డం రావూ?

లైన్‌మన్ ఒక్కడు, ప్రభలు బోలెడు. అందుకని మిల్లు మలుపులో స్తంభం ఎక్కి తీగలు దించి, ప్రభ దాటాక మళ్ళీ కట్టే పని పున్నారావు తమ్ముడు కొండలు మీద పడింది.

తల్లి గంగమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు.

"ఎక్కించేది నువ్వు. దించాల్సింది కూడా నువ్వే," అని పెద్దకొడుక్కి తెగేసి చెప్పింది.

దాంతో పున్నారావు, తమ్ముడికి ముందే అలవాటు కావాలని, తన ఎలక్ట్రికల్ షాపులో ఓ చెక్కబల్ల మీద మలుపంతా కట్టేశాడు. పుల్లల స్తంభాలు, రాగి తీగలు, అట్టముక్క ప్రభ, బ్యాటరీ కరెంటు, ఓ చివర బుల్లి ఫ్యూజు. ఫ్యూజు తీసేది, పెట్టేది పక్కింటి మస్తాన్‌రావు. తీగ విప్పేది, కట్టేది కొండలు. కొండలు వేలికి రాగి ఉంగరం. ఆ వేలు తీగ మీద ఉండగా కరెంటు వచ్చిందా, గంట మోగుతుంది. కొండలు అవుట్.

కొత్త మనిషి చాలాసేపు చూశాడు.

"ఇది నిజం లాగా లేదు," అన్నాడు.

"ఏం తక్కువైందయ్యా?"

"ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. అక్కడ మిల్లు గోడ అడ్డం ఉంటది గదా."

నిజమే. స్తంభం గోడకు ఇవతల, ట్రాన్స్‌ఫార్మర్ అవతల. పున్నారావు మధ్యలో గోనెపట్టా వేలాడదీశాడు. ఇక ఒకరికొకరు కనపడరు కాబట్టి ఓ గుర్తు పెట్టుకున్నారు. తమ్ముడు దిగాక పున్నారావు కర్రకు కట్టిన ఎర్ర తువ్వాలు గోడ పైనుంచి ఊపుతాడు. అది చూశాకే మస్తాన్‌రావు ఫ్యూజు పెట్టాలి.

మర్నాడు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. గంట మోగింది. అందరూ నవ్వారు, మళ్ళీ మొదలుపెట్టారు. అతను మాత్రం నవ్వలేదు.

"మోగినాక మళ్ళీ ఆడతన్నారేంది?"

"ఆట గదా."

"అదే తప్పు. ఒకసారి మోగితే ఆ మనిషి ఇంక లెగవకూడదు."

ఒక్క గంటకే లేవకుండా పోతే ఇక నేర్చుకునేదెట్లా? ఈయనది తెలివో తిక్కో అర్థం కాక పున్నారావు బుర్ర గోక్కున్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంకో వింత చేశాడు. కొండలు వేలు తీగ మీద ఉండగానే తన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గోనెపట్టా పైనుంచి ఊపాడు. మస్తాన్‌రావు అది చూసి ఫ్యూజు పెట్టేశాడు. గంట గణగణమంది.

నిన్నెవరు ఊపమన్నారని అందరూ మీద పడ్డారు. అతను బల్ల మీది బుల్లి ఫ్యూజు ఊడదీసి, లాల్చీ జేబులో వేసుకుని వెళ్ళిపోబోయాడు. మస్తాన్‌రావు వెంటపడి లాక్కుని, మళ్ళీ షాపు గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. ఎవరతను, ఏ ఊరు, అతని బాధేమిటి? ఎవరికీ అంతుబట్టలేదు.

ప్రభ బయల్దేరిన రోజు మలుపు జనంతో నిండిపోయింది. మస్తాన్‌రావు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి, వాటి పెట్టె మీదే పెట్టాడు. కొండలు స్తంభమెక్కి తీగలు దించాడు. చేదుకో కోటయ్యా అని అరుస్తూ జనం ప్రభను మలుపు దాటించారు. కొండలు మళ్ళీ పైకెక్కి తీగలు కట్టడం మొదలుపెట్టాడు.

అంతలోనే గోడ అవతల మస్తాన్‌రావు కేకలు. ఫ్యూజులు లేవట. పెట్టబోతే పెట్టె మీద ఒక్కటీ లేదట.

వెతికితే ఎవరు? ఆ మనిషే. స్తంభం మొదట్లో నిలబడి ఉన్నాడు, లాల్చీ జేబులు బరువుగా వేలాడుతున్నాయి. మస్తాన్‌రావు పరుగున వచ్చి చెంప పగలగొట్టాడు. ఇంకెవరో జుట్టు పట్టుకున్నారు. పున్నారావు ఎటూ తేల్చుకోలేక చూస్తూ ఉండిపోయాడు.

అతను మాత్రం జేబులు రెండు చేతులతో గట్టిగా మూసుకుని, తల ఎత్తి స్తంభం మీదికే చూస్తున్నాడు.

కొండలు ఆఖరి తీగ కట్టి కిందికి దిగాడు. అప్పుడతను ఫ్యూజులు తీసి కొండలు చేతిలో పెట్టాడు. చెంప తుడుచుకుని జనంలో కలిసిపోయాడు.

"ఫ్యూజులు పెట్టబోతే లేవన్నావు గదా?" పున్నారావు అప్పుడు మస్తాన్‌రావుని అడిగాడు. "నేనింకా తువ్వాలు ఊపందే నువ్వెట్టా పెట్టబోయావ్?"

మస్తాన్‌రావు తెల్లబోయాడు.

"ఊపావు గదా అన్నా. గోడ మీంచి ఎర్రగా కనపడింది."

పున్నారావు తల తిప్పి చూశాడు. ప్రభ గండం గడిచిందన్న సంబరంలో కుర్రాళ్ళంతా కర్రలకు తువ్వాళ్ళు కట్టి ఇంకా ఊపుతూనే ఉన్నారు. అందులో ఎన్ని ఎర్రవో.

తమ్ముడి భుజం పట్టుకుని, ఉన్నాడో లేడో అన్నట్టు తడిమి చూశాడు. ఆ వెంటనే ఆ మనిషి కోసం జనంలో పడి వెతికాడు. ఎక్కడా లేడు.

మస్తాన్‌రావు మామ దానయ్య ఈపూరు నుంచి ప్రభ చూడ్డానికి వచ్చి, అప్పటిదాకా మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవర్ని కొట్టారో తెలుసంట్రా? మా ఊరి చిన్నకోటయ్య," అన్నాడు. "ప్రభల రోజులొస్తే ఇంటి పట్టున ఉండడు."

"ఎందుకు మామా?" అన్నాడు పున్నారావు.

దానయ్య అరుగు దిగి వచ్చాడు.

"ఓ ఏడు మా ఊళ్ళో ప్రభ దాటినాక ఇట్టాగే కుర్రాళ్ళ తువ్వాళ్ళు చూసి ఫ్యూజు పెట్టింది ఆయనే," అన్నాడు. "స్తంభం మీద ఉన్నది ఆయన తమ్ముడు."