నాలుగున్నర అంగుళాలు

"మళ్ళీ నాలుగున్నరే!"

నర్సు స్కేలును కిటికీ గట్టు మీద విసిరికొట్టింది. ట్రేలో ఇరవై నాలుగు కాగితం కప్పులు, వాటిలో ఇరవై నాలుగు స్వీట్‌కార్న్ మొలకలు. కప్పుకో నంబరు. ఆస్పత్రిలో రోగి మంచానికి వేలాడదీసే చార్టు లాంటిదే గోడకు తగిలించి, నీళ్ళు ఎన్ని గంటలకు పోసిందీ, ఎన్ని మిల్లీలీటర్లు పోసిందీ, ఎత్తు ఎంత ఉన్నదీ రాస్తోంది. మొదటి వారం చకచకా లేచాయి. ఆ తర్వాత పదకొండు రోజులుగా ఎత్తు గడిలో ఒకటే అంకె. చచ్చాయా అంటే చావలేదు, పెరిగాయా అంటే పెరగలేదు. ఇలాంటి రోగాన్ని ఆమె తన సర్వీసులో చూడలేదు.

"ఏమొచ్చిందే మీకు? వేళకు నీళ్ళు, వేళకు ఎండ, ఇంకేం కావాలి?" అంటూ సిరంజితో మళ్ళీ నీళ్ళు ఎక్కించింది. పొద్దున లేవగానే ఒకసారి, డ్యూటీకి వెళ్ళబోతూ ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఇంకోసారి. ఒక్క పూట తప్పితే ఒట్టు.

మూలన కుట్టు మిషను దగ్గర మామగారు గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. ఆ ఇంట్లో ఎండ తగిలేది ఈ ఒక్క కిటికీకే. ట్రే వచ్చి కూర్చున్నాక మిషను మూలకు జరిగింది, సూదిలో దారం ఎక్కించడానికి ఆయన తంటాలు పడుతున్నాడు.

"అమ్మాయ్, ఆ నీళ్ళు కాస్త తగ్గించకూడదూ?"

"మామయ్యా, మీ కుట్టుపనిలో నేనెప్పుడైనా వేలు పెట్టానా?"

"లేదనుకో."

"మరి?"

ఆయన కత్తెర అందుకున్నాడు.

"అంత అవస్థ ఎందుకు, నర్సరీలో నారు కొనుక్కుంటే పోలా?" అన్నాడు ఆమె భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అదైతే నువ్వూ చేస్తావు!" అని విరుచుకుపడింది. "మా వార్డులో ఎవరు నడిచి ఇంటికెళ్తారో, ఎవరు వెళ్ళరో నా చేతుల్లో లేదు. రోజూ చూసి చూసి విసిగిపోయాను. ఇవైనా నా చేత్తో బతకాలి. తెలిసిందా?"

మామగారు కత్తెర పక్కన పెట్టి ఆమె వంక చూశాడు.

కాలనీ వెనక ఖాళీ జాగాను మడులుగా కోసి, అడిగినవాళ్ళకు వరసగా ఇస్తున్నారు. నాలుగేళ్ళు ఎదురు చూడగా ఆమె వంతు వచ్చింది. గింజలు చల్లితే పక్షులు మిగల్చడం లేదు కాబట్టి నారే నాటాలని రూలు. ఆదివారం పది గంటలకల్లా ఇరవై నాలుగు మొక్కలు మట్టిలో ఉండాలి. లేకపోతే మడి తర్వాతివాళ్ళకు పోతుంది. పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ మూడో అంతస్తు తప్ప సొంత నేల ఎరగని మనిషికి ఆ నాలుగు గజాల నేల అంటే ఎంత ఆశో చెప్పనక్కర్లేదు.

శనివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ట్రే దగ్గరకు వెళ్ళింది. అదే నాలుగున్నర. తొమ్మిదో నంబరు కప్పులో, మట్టికి అంటుకుని నీలం దారం ముక్క కనిపించింది.

"మామయ్యా, ఇదేంటి?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "దారం."

"దారమని నాకూ కనిపిస్తోంది. నేనటు వెళ్ళగానే వీటిని కెలుకుతున్నారు కదూ?"

"ముట్టుకున్న మాట నిజమేనమ్మా."

"ఎందుకు?"

ఆయన ఏదో చెప్పబోయి, పేపరు చదువుతున్న కొడుకు వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ కిటికీ మీకు కావాలి, అంతేగా! ఆ మాట మొహాన చెప్పొచ్చుగా? చాటుమాటుగా ఇలా పసిమొక్కల మీదా మీ ప్రతాపం!" ఆమె ట్రేను తన వైపు లాక్కుంది. "ఇక మీ నీడ కూడా వీటి మీద పడకూడదు."

"సరేనమ్మా" అన్నాడు ముసలాయన.

మర్నాడు ఆమె ట్రే ఎత్తుకునేసరికి ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"బరువుగా ఉంటుంది, ఒక చెయ్యి వేస్తాను."

"మీరు వేసిన చేతులు చాలు" అంది.

ఆయన పక్కకు తప్పుకున్నాడు. చెప్పులు విప్పి గోడవారగా పెట్టాడు.

మడి దగ్గర, మడులు పంచే ఆఫీసరు ట్రే చూసి మొహం చిట్లించాడు. "ఇవేంటమ్మా, ఇంత పొట్టివి? పక్కవాళ్ళవి జానెడు దాటాయి."

ఆమె ఇంటిదగ్గర మిషను ముందు కూర్చున్న మనిషిని మనసులో మళ్ళీ నాలుగు తిట్టింది. ఆఫీసరు ఒక కప్పు బోర్లించి, మట్టిముద్దను అరచేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వేళ్ళు బలంగానే ఉన్నాయి. కానివ్వండి, నాటేయండి. మడి మీదే."

ఇరవై నాలుగూ నాటింది. గోళ్ళ నిండా మట్టి. ఆ చేతుల్ని తనే చూసుకుని చూసుకుని మురిసిపోయింది. బతికాయి. ఎవరెంత అడ్డుపడినా తన చేత్తో బతికాయి.

మడుల మధ్య నారు అమ్ముకుంటూ తిరుగుతున్న నర్సరీ అతను ఆగి వంగి చూశాడు.

"కొబ్బరిపీచు కలిపిన మట్టి. మా మొక్కలేనే ఇవి!"

"మీవెలా అవుతాయి? గింజ పెట్టిన దగ్గర్నుంచీ నేనే పెంచాను" అంది కోపంగా.

"దర్జీగారి కోడలు, ఆస్పత్రిలో పనిచేసేది మీరేనా?"

"అయితే?"

"'మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చేలోపు అచ్చం ఇంతే ఎత్తువి ఇవ్వు' అంటూ మీ మామగారు రోజూ కుళ్ళిన మొక్కలు పట్టుకొచ్చేవారమ్మా."