పదకొండో మనిషి

మా గొర్రెల సంఘం అధ్యక్షుడు చిన్నన్నను పదవిలోంచి దించాలని తీర్మానం వచ్చింది. అది చెల్లాలంటే ఆఫీసు గదిలో పదకొండు మంది సభ్యులుండాల. ఉన్నింది పదిమందిమి. పదకొండో మనిషి చిన్నన్నే.

ఆయప్ప మాకంటే ముందే వచ్చి, అధ్యక్షుడి కుర్చీ ఎత్తుకపోయి రోడ్డు పక్కన వేసుకోని కూసున్యాడు.

"లోపలికి రా మామా," అంటిమి.

"రాను. కోరం లేందే ఏ తీర్మానమూ చెల్లదప్పా! అసలు ఎవుడు పెట్టినాడు దీన్ని? మగోడైతే బయటికి రమ్మను."

ఎవరమూ పోలేదు. టీ తెప్పించి పిలిస్తే, ఆ గ్లాసేదో బయటికే పంపమన్యాడు.

అంతలో గదిలో ఒక పొట్టేలు గొంతు చించుకోని అరిసింది.

చిన్నన్న చేతిలో గ్లాసు కిందపడింది. వెయ్యి గొర్రెల్లో ఉన్నా ఆ గొంతు ఆయప్పకు తెలుసు. "ఎవుడ్రా నా పొట్టేలు చెవి మెలేసింది?" అంటా ఒక్క దూకున లోపలికొచ్చి పడినాడు.

ఎనకనే తలుపు గడియ పడింది.

"పదకొండు," అన్యాడు సెక్రటరీ. "తీర్మానానికి ఒప్పుకునేటోళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు లేసిన చేతికి గాజులుండాయి. ఆ మనిషి రెండో చేతిలో పొట్టేలు చెవి ఉంది.

"నువ్వా!" అన్యాడు చిన్నన్న.

"నేనే. ఎనక వాకిట్లోంచి వచ్చినా. తీర్మానం పెట్టింది గూడా నేనే," అనింది చిన్నన్న పెండ్లాం నాగులమ్మ. "నువ్వు అధ్యక్షుడివైన కాడ్నుంచి గొర్రెల ఎంట నేనొక్కదాన్నే తిరుగుతాండా."

గొర్రెలు తోలే కట్టె మొగుని చేతిలో పెట్టింది.

"మంద ఎనక దడిలో ఉంది, తోలకపో. సాయంత్రానికి ఒక్కటి తక్కువైనా, కోరం లేదని ఇంట్లోకి రానీను."