నాలుగు నిమ్మకాయలు

కూతురు మృదుల గేరు బండి నేర్చుకుంటానన్నప్పుడు సన్యాసిరావు ఊరుకోలేదు. "కార్లన్నీ వాటంతటవే పోతున్న రోజుల్లో నీకీ క్లచ్చు తొక్కుడెందుకే?" అని విసుక్కున్నాడు. తనంతట తానే పోయే కారైతే నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఎక్కి కూర్చుని, ఎక్కడికో చెప్పడమే. మృదుల మాత్రం తాతగారి పాత జీపుతో వేసవంతా కుస్తీ పట్టింది.

ఇవాళ సన్యాసిరావు కొత్త కారుకు పూజ. పంతులుగారు హారతిచ్చి, చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి, "పోనివ్వండి" అన్నారు.

"దారిలో అడ్డంకి ఉంది" అంది కారు. ఎంత చెప్పినా అదే మాట.

"ఈమధ్య అందరూ కాయలు తీసి పక్కన పెట్టేస్తున్నారండి" అన్నారు పంతులుగారు.

"తొక్కకుండా ఈ బండి కదలడానికి వీల్లేదు" అంది సన్యాసిరావు తల్లి.

కారు ఆపేసి నలుగురూ కలిసి తోశారు. ముందు వీధి ఎత్తెక్కుతోంది, ఆ బరువు జరగలేదు. ఇరుగుపొరుగంతా చూస్తుంటే సన్యాసిరావుకు తల కొట్టేసినట్టయింది.

మృదుల జీపు తెచ్చి కారుకు తాడు కట్టింది. మొదటి గేరు వేసి, క్లచ్చు మీది కాలు మెల్లమెల్లగా వదిలింది. తాడు బిగిసింది. ఒక్క కుదుపైనా లేకుండా కారు కదిలింది. నిమ్మకాయలు నాలుగూ చితికాయి.

ఎదురింటి పైడిరాజు దగ్గరికొచ్చాడు. "బావా, శుక్రవారం మా కారుకీ పూజ. పిల్లని ఓపాలి పంపుతావేటి?"

సన్యాసిరావు కండువా సర్దుకున్నాడు.

"కనుక్కుని చెప్తాను బావా. గేరు బండి తోలే పిల్ల, దానికి తీరికుండాలి గదా."